సెకండ్ హ్యాండ్ ఇంజిన్ పడవ కోసం కోనసీమ వెళ్లాం



మీ ఊరి పడవ ఎక్కడ కొన్నారు, ఎంత పడింది, ఇంజిన్ ఏంటి అని గ్రూపులో చాలామంది అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్తుంటే సగం మర్చిపోతున్నాం. అందుకే నలుగురం కూర్చుని ఇది రాస్తున్నాం. పోస్టు పెద్దదే. గోదారి ఒడ్డున ఊరున్నవాళ్లు మాత్రం ఓపిగ్గా చదవండి, రేపో మాపో మీ ఊళ్లోనూ ఇదే లెక్క వస్తుంది.

ముందు మా పరిస్థితి. మాది పాపికొండల లోపల కొండరెడ్ల ఊరు. పోలవరం ముంపులో ఇళ్లు పోయి కాలనీకి వచ్చేశాం. ఇక్కడ గోడలున్నాయి, పైకప్పు ఉంది. కానీ పోడు, జీడిమామిడి తోటలు, చింతచెట్లు, కొండచీపుళ్లు, మన దేవతలు అన్నీ పైనే ఉన్నాయి. వాటికోసం వారానికి మూడు నాలుగు రోజులు నీళ్ల మీద పోవాల్సిందే. కొంతమంది పెద్దవాళ్లు అసలు కిందకి రాలేదు, గట్టు మీద గుడిసెలు వేసుకుని అక్కడే ఉన్నారు. వాళ్లకి బియ్యం, మందులు పట్టుకెళ్లాలి. జ్వరం ముదిరితే కిందకి దించాలి. ఇన్నాళ్లూ అద్దె బోటే గతి. అది వస్తే వెళ్లడం, రాకపోతే రేవులో కూర్చోవడం.

ఇది ఇవాళ్టి సంగతి కూడా కాదు. మన తాతలు వెదురు కొట్టి, తెప్పలు కట్టి, రాజమండ్రి దాకా గోదారిలో నడిపేవాళ్లు. కొట్టింది మనం, నడిపింది మనం, వ్యాపారం ఇంకొకళ్లది. 1945లో అచ్చయిన హైమెన్‌డార్ఫ్ పుస్తకం ‘ది రెడ్డీస్ ఆఫ్ ద బైసన్ హిల్స్’లో కూడా వ్యాపారుల కింద మనవాళ్ల అడవి కూలి గురించి ఉంటుంది. తర్వాత లాంచీలు వచ్చాయి. అందులోనూ మనం టికెట్ కొన్నవాళ్లమే గానీ సరంగులం కాలేదు. అందుకే ఈసారి ఊరి పేరు మీద పడవ ఉండాలని పట్టుబట్టాం. మహిళా సంఘాలు కొంత వేశాయి, జీడిపిక్కల డబ్బు కొంత, ఉద్యోగాలు చేస్తున్న నలుగురన్నలు కొంత. మొత్తం 1,90,000 జమ అయింది. కొత్త పడవ, కొత్త ఇంజిన్ ఆ డబ్బుకి రావు. సెకండ్ హ్యాండే.

బయల్దేరే ముందు రోజు మీటింగులో కుర్రాళ్లమంతా ఎన్ని గుర్రాల ఇంజిన్, ఎంత స్పీడు అని మాట్లాడుతున్నాం. సంఘం లీడరు, మాకు మేనత్త, ఒకటే మాట అంది: "ఎంత జోరుగా పోద్దో తర్వాత చూద్దురు గానీ, నడి గోదాట్లో ఇంజిన్ ఆగిపోతే ఆ పడవ ఏం చేస్తదో చూసి రండిరా." పడవ చూడ్డానికి వెళ్లేవాళ్లెవరికైనా మేం ముందు చెప్పేది ఇదే. మిగతా పరీక్షలన్నీ దీని తర్వాతే.

ఎందుకంటే మనకి తెలిసిన మూడు ప్రమాదాలూ గుర్తు చేసుకోండి. 2018 మే 15న మంటూరు దగ్గర లాంచీ గాలివానలో తిరగబడింది. ఎక్కువమంది మనవాళ్లే. వాన కొడుతోందని తలుపులు, కిటికీలు మూసుకోవడంతో లోపలున్నవాళ్లు బయటికి రాలేకపోయారు. అదే ఏడాది జులై 14న కోనసీమలో, ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర, బడి నుంచి ఇళ్లకెళ్తున్న పిల్లలున్న పడవ కడుతున్న వంతెన స్తంభానికి తగిలి బోల్తా పడింది. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు. ఆ రోజు పర్యాటక బోటులో 77 మంది ఉన్నారు, 26 మంది బతికారు. వాళ్లని నీళ్లలోంచి లాగింది పెద్ద లాంచీలు కాదు, పక్క ఊళ్ల మనవాళ్ల చిన్న పడవలు. మునిగిన బోటుని కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం అక్టోబర్ 22న గాని పైకి తేలేకపోయింది. ఒకచోట గాలి, ఒకచోట స్తంభం, ఒకచోట వరద సుడి. మూడు చోట్లా ఎదురొచ్చింది వేరువేరు. కానీ ఒక్కసారి పడవ చెయ్యి దాటిపోయాక సరంగు చేతిలో ఏమీ మిగల్లేదు.

కోనసీమే ఎందుకంటే, అక్కడ పడవ నిత్యావసరం. గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయల మధ్య ఊళ్లు. సఖినేటిపల్లి నుంచి నరసాపురం, కోటిపల్లి నుంచి ముక్తేశ్వరం ఇప్పటికీ పంటు మీద దాటేవాళ్లున్నారు. లంక ఊళ్లలో ప్రతి వీధికీ పడవ తెలిసిన మనిషి ఉంటాడు. ఒకచోట వంతెన పడితే అక్కడి రేవు పడవలు అమ్మకానికి వస్తాయి. ఇంకో సంగతి, వరదలప్పుడు ఎవరూ పడవ అమ్మరు. కార్తీకం దాటాక, నీళ్లు తగ్గి పడవలు గట్టెక్కాక అడగాలి. ధర అప్పుడే దిగుతుంది. రావులపాలెంలో బస్సు దిగి, కొత్తపేటలో తెలిసిన అన్న రూములో ఉండి, నాలుగు రోజులు తిరిగాం.

మొదట చూసింది అంతర్వేది వైపు సముద్రం వేటకి తిరిగిన ఫైబర్ పడవ. చూడ్డానికి ముచ్చటగా ఉంది, తేలిక, లారీ ఎక్కించడం సులువు. ఇంజిన్ వెనక పైన బిగించి ఉంది. దాని నుంచి పొడుగాటి ఇనప కడ్డీ నీళ్లలోకి దిగుతుంది, కడ్డీ చివర ఫ్యాన్. చుక్కాని వేరే ఉండదు. ఇంజిన్‌నే అటూ ఇటూ తిప్పితే పడవ తిరుగుతుంది. తక్కువ నీళ్లలో కడ్డీ పైకెత్తేయొచ్చు, అది మంచి సుఖం. కానీ రివర్స్ లేదు. కడ్డీ బయటే గిర్రున తిరుగుతుంటుంది, పక్కనే చీర కొంగులు, పిల్లలు. ఆ పడవ కెరటాన్ని కోసుకుంటూ పోవడానికి కట్టింది, వలలు మోయడానికి కట్టింది. ఇరవైమంది లేచి నిలబడటానికి కాదు. ఒకరు లేస్తేనే ఊగింది. పైగా ఉప్పునీరు. బోల్టులన్నీ తుప్పుపట్టి పొరలూడిపోతున్నాయి. ఫైబర్ పడవ చూసేటప్పుడు రూపాయి బిళ్లతో అంతటా కొట్టి చూడండి. టంగుమంటే గట్టి, బొద్దుగా మోగితే లోపల పొర విడిపోయి నీళ్లు చేరాయని. మాకు అడుగున మూడు చోట్ల బొద్దుగా మోగింది. అమ్మే ఆయన ఆ మూడు చోట్లా కొత్త రంగేశాడు.

రెండోది రాజోలు వైపు, పాత షికారు లాంచీ. పైన అంతస్తు, రేకు కప్పు, రంగుల కుర్చీలు. మాలో ఇద్దరికి తెగ నచ్చేసింది. టూరిస్టుల్ని తిప్పితే డబ్బులొస్తాయని లెక్కలు కూడా మొదలయ్యాయి. బ్రోకరు అయితే "ఆయ్, మీ కొండోళ్లకి ఇంతకంటే ఏం కావాలండీ, పట్టుకుపోండి" అన్నాడు. మాట వినగానే మాకు కాలింది గానీ గొడవపడలేదు. పడవని పరీక్ష పెడతామన్నాం, అంతే.

ఈ పరీక్షకి పైసా ఖర్చు లేదు. పడవని కట్టు విప్పి, తాడు వదులుగా పట్టుకుని, అందరం ఒకేసారి ఒక పక్కకి వెళ్లి నిలబడి, మళ్లీ చటుక్కున మధ్యలోకి రావాలి. పడవ ఎంత ఒరిగిందో కాదు, ఎంత త్వరగా నిటారుగా లేచిందో చూడాలి. నిమ్మళంగా, ఉయ్యాలలా మెల్లగా లేచే పడవ కూర్చున్నవాళ్లకి హాయిగా ఉంటుంది. అదే ప్రమాదం. బరువు పైన ఎక్కువై, లేచే బలం తగ్గిందని అర్థం. టక్కున కుదుపుతో లేచే పడవ నడుం నొప్పి పెడుతుంది గాని నిలబడుతుంది. ఆ లాంచీ మేం ఎనిమిదిమందికే ఒరిగి, ఆలోచించి ఆలోచించి లేచింది. పై అంతస్తులో ఎవరూ లేనప్పుడే అలా ఉంటే, ఫొటోల కోసం నలభైమంది ఒక పక్కకి చేరితే?

ఇంజిన్ చూస్తే పాత లారీది. లారీ ఇంజిన్ చెడ్డదని మేం అనం, బోట్లలో చాలాచోట్ల వాడతారు. కానీ లారీకి ఎత్తు ఉంటుంది, పల్లం ఉంటుంది, ఇంజిన్‌కి మధ్యలో ఊపిరి దొరుకుతుంది. పడవకి పల్లం ఉండదు. ఎదురీదుతున్నంతసేపూ మారేడుమిల్లి ఘాట్ ఎక్కుతున్నట్టే. అందుకని చల్లబరిచే ఏర్పాటే ప్రాణం. ఇందులో నది నీటినే గొట్టంతో లాగి ఇంజిన్ చుట్టూ తిప్పుతున్నారు, జల్లెడ కూడా లేదు. మన వరద నీళ్లలో ఎంత ఒండ్రు ఉంటుందో చెప్పక్కర్లేదు. వాలులో నడిపి చూపించి "చూశారా ఎంత జోరో" అన్నారు. ఎదురు నడపమన్నాం. పావుగంటకి ఆవిరి వాసన మొదలైంది. దిగిపోయాం.

మూడోది పి.గన్నవరం మండలంలో. అక్కడ ఊడిమూడిలంక, బూరుగులంక, అరిగెలవారిపేట, జి.పెదపూడిలంక జనానికి వరదొస్తే దారి మునిగిపోయి, నెలల తరబడి పడవే దిక్కు. అలాంటి వరద నీళ్లలో జనాన్ని, పశువుల మేతని మోసిన చెక్క నావ ఒకటి అమ్మకానికుందని కొత్తపేట అన్న చెప్పాడు. 26 అడుగులు. అడుగు వెడల్పు. పైన కప్పు లేదు, నాలుగు గుంజలు, ఎండకి టార్పాలిన్. సింగిల్ సిలిండర్ డీజిల్ ఇంజిన్, 10 గుర్రాలు, పొలాల్లో నీళ్లు తోడే ఆయిల్ ఇంజిన్ జాతిదే. హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చెయ్యాలి, బ్యాటరీ లేదు. మా కుర్రాళ్ల మొహాలు వాడిపోయాయి.

అమ్మే పెద్దాయనకి డెబ్బై ఏళ్లు ఉంటాయి. మేం ఏజెన్సీ నుంచి వచ్చామంటే "బాబూ, మీకు నీళ్లు నేను నేర్పాలేంటి, ఎక్కి చూసుకోండి" అన్నాడు. బ్రోకరు మాటకీ ఈ మాటకీ ఎంత తేడా! మేం పొద్దున్నే వెళ్లి ముందు ఇంజిన్ మీద చెయ్యేసి చూశాం. చల్లగా ఉంది. వెచ్చగా ఉంటే, మనం రాకముందే స్టార్ట్ చేసి పెట్టారని. చల్లటి ఇంజిన్ ఎన్ని తిప్పులకి అందుకుంటుందో అదే దాని నిజమైన వయసు. మూడో తిప్పుకి అందుకుంది. హ్యాండిల్ తిప్పేటప్పుడు చేతికి గట్టిగా ఎదురు తన్నాలి. తేలిగ్గా తిరిగిపోతే పిస్టన్ రింగులు గానీ వాల్వులు గానీ అరిగాయని.

పొగ రంగు గుర్తుపెట్టుకోండి. స్టార్టయిన కొత్తలో కాస్త తెల్లపొగ మామూలే, వేడెక్కినా పోకపోతే డీజిల్ సరిగ్గా మండట్లేదు, లేదా లోపలికి నీళ్లు దిగుతున్నాయి. నీలం పొగ అంటే ఇంజినాయిల్ కాలుతోంది, పెద్ద ఖర్చు. లోడు మీద నల్లపొగ ఆగకుండా వస్తుంటే నాజిల్ పాడయింది, గాలి అందట్లేదు, లేదా ఆ ఇంజిన్‌కి ఫ్యాన్ మరీ పెద్దది. ఆయిల్ పుల్ల తీసి చూడండి. ఆయిల్ నల్లగా ఉంటే భయపడకండి, టీలా పాలరంగులో ఉంటే నీళ్లు కలిశాయి, అక్కడితో నమస్కారం పెట్టి వచ్చెయ్యండి. ఇంకోటి, గంటసేపు నడిపి ఆపి, పది నిమిషాలాగి మళ్లీ స్టార్ట్ చెయ్యాలి. చల్లగా బాగా అందుకుని, వేడి మీద మొరాయించే ఇంజిన్లుంటాయి. రేవులో ఆపిన పడవ తిరుగు ప్రయాణానికి లేవకపోతే పొద్దుపోయాక ఆడవాళ్లు, పిల్లలు అడవి ఒడ్డున ఉండిపోవాలి.

తర్వాత నడిపి చూశాం. ఫోన్లో స్పీడు పెట్టి, పన్నెండుమందితో ఎదురు 8 కిలోమీటర్లు, వాలు 10 వచ్చింది. రెండూ కూడి సగం చేస్తే పడవ సొంత వేగం 9, ఆ రోజు ప్రవాహం 1. ఈ లెక్క ఎందుకంటే, వరదలో మన కొండల మధ్య నీరు ఏ వేగంతో పోతుందో చూసినవాళ్లే మనం. 9 కిలోమీటర్ల పడవ దానికి ఎదురు నిలబడదు. పెద్ద ఇంజిన్ పెట్టినా ధైర్యం పెరుగుతుంది గానీ సుడి తగ్గదు. అందుకే భద్రాచలం దగ్గర 43 అడుగులు, మొదటి హెచ్చరిక, పడగానే పడవ కట్టెయ్యాలని ఊళ్లో తీర్మానం చేశాం. 2022 జులైలో అక్కడ 71.3 అడుగులు వచ్చింది, ఎవరూ మర్చిపోలేదు.

దీనికి గేరు పెట్టె ఉంది. ముందుకి, న్యూట్రల్, రివర్స్. రివర్స్ వేస్తే వెనక్కి తిన్నగా రాదు, వెనక భాగం ఒక పక్కకి లాగుతుంది. ఒకటే ఫ్యాన్ ఉన్న ఏ పడవకైనా ఆ గుణం ఉంటుంది. ఏ పక్కకి లాగుతుందో తెలుసుకుంటే రేవులో ఆ పక్కనే ఒడ్డుకి ఆనించొచ్చు. పెద్దాయన ఇది మాటల్లో చెప్పలేదు. రెండుసార్లు చేసి చూపించి, మూడోసారి మాచేత చేయించాడు.

అప్పుడు అత్త చెప్పిన పరీక్ష. నడి ఏట్లో ఇంజిన్ ఆపేయమన్నాం. చుక్కాని గురించి మాకు అప్పుడే పూర్తిగా అర్థమైంది. చుక్కాని పనిచేసేది దాని పక్క నుంచి నీరు దూసుకుపోతున్నప్పుడే. ఇంజిన్ ఆగి, పడవ నీటితోపాటే కొట్టుకుపోతుంటే చుక్కాని ఎటు తిప్పినా ఒకటే. పడవ అడ్డం తిరుగుతుంది. ఎదురుగా స్తంభమో బండో ఉంటే అడ్డంగానే తగులుతుంది. కాబట్టి ఆగిన పడవని కాపాడేవి రెండే: తెడ్లు, లంగరు. ఆ ఫైబర్ పడవలో లంగరుంది, తాడు లేదు. లాంచీ అంత ఎత్తు, తెడ్డు నీటికే అందదు. ఈ నావ అంచు తక్కువ కాబట్టి నలుగురు తెడ్లేస్తే ముక్కు తిప్పుకుని ఒడ్డుకి చేరింది. పావుగంట పట్టింది. చెమటలు కక్కాం గానీ చేరాం. లంగరు వేస్తే అంతకంటే ముందే నిలబడింది.

లోపాలు లేవని కాదు. దుంగల మీద ఒడ్డుకి లాగి అడుగంతా స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూశాం. వెనకవైపు రెండు చెక్కలు మెత్తబడ్డాయి. ఫ్యాన్ పట్టుకుని ఊపితే షాఫ్ట్ కదిలింది, బుష్ అరిగింది. షాఫ్ట్ బయటికెళ్లే చోట గ్లాండ్ తాడు పాడైపోయి నీళ్లు ధారగా కారుతున్నాయి. నిమిషానికి కొన్ని చుక్కలు పడితే పర్వాలేదు, ఆ చెమ్మే షాఫ్ట్‌ని చల్లగా ఉంచుతుంది. ధార అయితే తాడు మార్చాలి. ఇవన్నీ లెక్కేసి 1,45,000 అడిగిన నావని 1,22,000కి ఒప్పించాం. రిపేరు, లారీ, కొత్త తాళ్లు, తెడ్లు కలిపి మిగతాది సరిపోయింది. నీళ్ల మీద తెద్దామంటే పోలవరం దగ్గర దారి లేదుగా, రావులపాలెం, రాజమండ్రి, గోకవరం మీదుగా లారీలోనే వచ్చింది.

ఇంజిన్ కంపెనీ అడిగినవాళ్లకి మా జవాబు: గోకవరంలో ఏ ఇంజిన్ సామాను దొరుకుతుందో అది. మా ఊళ్లో ఆయిల్ ఇంజిన్లు విప్పి బిగించే బాబాయ్ ఒకాయన ఉన్నాడు. ఆయన చెయ్యి పెట్టగలిగిందే మనకి నమ్మకమైన ఇంజిన్. పెట్రోలు ఔట్‌బోర్డు తేలిక, చప్పుడు తక్కువ, మంచిదే. కానీ దాదాపు ఇదే బలం ఉన్నది పూర్తి జోరు మీద గంటకి నాలుగు లీటర్ల పెట్రోలు దాకా తాగుతుంది. మాది పూర్తి లోడు మీద రెండు లీటర్ల డీజిలుకి కాస్త అటూ ఇటూ.

కాగితాల విషయం నిర్లక్ష్యం చెయ్యకండి. 1917 నాటి చట్టం పోయి ఇప్పుడు ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం 2021 ఉంది. ఇంజిన్ ఉన్న పడవకి రిజిస్ట్రేషన్, సర్వే రెండూ కావాలి. వేట పడవకి మత్స్యశాఖ కాగితం ఉన్నంత మాత్రాన జనాన్ని ఎక్కించడానికి అది చెల్లదు. రసీదు మీద ఇంజిన్ నంబరు రాయించుకోండి, పడవ మీద అప్పు లేదని రాయించుకోండి. మా పడవ సంఘం పేరు మీదకి మారింది. సర్వే అయ్యేదాకా టికెట్ మాట లేదు, మన పనులకి మనమే.

చివరగా ఎంతమంది ఎక్కాలి అన్నది. పెద్దాయన 30 మందిని ఎక్కించేవాణ్ణన్నాడు. మేం 50 కిలోల ఇసక బస్తాలు ఒక్కొక్కటే వేస్తూ, నీటి నుంచి పడవ అంచు మూరెడు ఎత్తులో ఉండగా ఆపాం. 27 బస్తాలు. మనిషికి మూటతో కలిపి 75 కిలోలు వేసుకుంటే 18 మంది. అయితే బస్తా అడుగున కదలకుండా పడుంటుంది, మనిషి పైన కూర్చుంటాడు, లేస్తాడు, ఫోనొస్తే అటు తిరుగుతాడు. అందుకని మూడు తగ్గించి 15 చేశాం, సరంగుతో కలిపి. లైఫ్ జాకెట్లూ పదిహేనే కొన్నాం. పడవ రెండు పక్కలా తెల్లరంగుతో ఆ అంకె రాసింది ఇంటర్ చదువుతున్న మా చెల్లెలు. నడపడం నేర్చుకుంటున్న ముగ్గురిలో తనూ ఉంది. మొన్న పెళ్లికి వెళ్తూ పదహారో మనిషి ఎక్కితే ఇంజిన్ హ్యాండిల్ తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ పదహారో మనిషి మా ఊరి పెద్ద. అరగంట తిట్టి, దిగి, రెండో ట్రిప్పులో వచ్చాడు.